వదులైన మాస్కు

జూన్ 6

అమ్మాయ్,

చేతిరాత చూసి ఎవరిదా అనుకుంటావు. నాదే. నా కొడుకు భార్యగా నువ్వు మా ఇంట్లో ఉన్నన్నాళ్లూ నీకు ఉత్తరం రాయాల్సిన పని పడలేదు. మీరిద్దరూ విడిపోయి నువ్వు ఆ ఊరు వెళ్లిపోయాక రాయడానికి మొహం చెల్లలేదు. ఇప్పుడు రాస్తున్నానంటే అవసరం పడిందనే అర్థం. దాచి లాభం లేదు.

నా గొంతులో కేన్సరు వచ్చింది. స్వరపేటిక మీద ఒక గడ్డ, మెడ పక్కన రెండు చిన్నవి. మొదట గొంతు బొంగురుపోతే, కూరగాయల మార్కెట్లో ముప్పయ్యేళ్లు వేలం పాట నడిపినవాడి గొంతు బొంగురుపోక ఏమవుతుందిలే అనుకున్నాను. మార్కెట్లో నన్ను 'మైకు' అంటారు, గుర్తుందిగా. ఆ మైకు ఇప్పుడు గుసగుసకు కూడా పనికిరావడం లేదు. అందుకే ఫోను చేయలేక రాస్తున్నాను. ఆపరేషన్ అయితే స్వరపేటిక మొత్తం తీసేయాలట. రేడియేషన్ పడితే మాట మిగలొచ్చట. ఆ 'మిగలొచ్చు' పట్టుకుని దీనికే ఒప్పుకున్నాను. సోమవారం మొదలైంది.

నువ్వు ఆస్పత్రిలో ఏం చేస్తావో నేనెప్పుడూ సరిగ్గా అడగలేదు. ఫొటోలు తీసే పనేమో అనుకునేవాణ్ణి. బల్ల మీద పడుకున్నాక తెలిసింది. నన్ను అటు కొంచెం ఇటు కొంచెం జరిపి, గోడల్లోంచి వచ్చే పచ్చ గీతలకు సరిపెట్టి, అడుగు మందం తలుపు వేసుకుని బయటికి పరిగెత్తే ఆ అమ్మాయిల పనే నీ పనీ.

అందుకని నిన్నే అడుగుతున్నాను. వేడినీళ్లలో మెత్తబడ్డ ప్లాస్టిక్ వల మొహం మీద నుంచి భుజాల దాకా పరిచి అదిమి, గట్టిపడ్డాక మాస్కు చేశారు. రోజూ అది పెట్టి అంచులు బల్లకు టకటకా బిగిస్తారు. కనురెప్ప తెరవడానికి చోటుండదు. మింగితే గొంతు ప్లాస్టిక్‌కి తగులుతుంది. అంత గట్టిగా బిగించడం మామూలేనా? ప్రమాదం లేకపోతే వాళ్లెందుకు పరిగెత్తుతారు? మీ ఆయన, అదే, మావాడు 'ఏం కాదు నాన్నా' అంటాడు. వాడు లారీ మెకానిక్కు. బ్రేకుల్లేని లారీని చూసి కూడా 'ఏం కాదు' అనే అంటాడు.

నేను రాసినట్టు వాడికి తెలియకూడదు. జవాబు ఇంటికి కాదు, మార్కెట్లో కాటా దగ్గరికి పంపు. తూకం వేసే ముసలాయన నాకు అందిస్తాడు.

ఇట్లు,
మైకు (ప్రస్తుతం కరెంటు లేదు)

~

జూన్ 10

మామయ్యగారికి,

మీ అబ్బాయితో తెగిపోయింది గానీ మిమ్మల్ని ఇంకేమని పిలవాలో నాకు ఎవరూ చెప్పలేదు. అందుకని పాత పిలుపే.

డ్యూటీ దిగి, బస్సులో కూర్చుని చదివాను. నా స్టాపు దాటిపోయింది.

మీ ప్రశ్నలకు ముందు జవాబులు. మాస్కు అంత బిగుతుగానే ఉండాలి. గడ్డ ఎక్కడుందో స్కాన్‌లో చూసి, కిరణం ఏ వైపు నుంచి ఎంత వెళ్లాలో ముందే లెక్క కట్టి పెడతారు. ఆ లెక్కంతా స్కాన్ రోజున మీరు ఎలా పడుకున్నారో ఆ పడకకే చెల్లుతుంది. రేపు గడ్డం కాస్త ఎత్తి పడుకున్నారంటే, లెక్క వేరు, మనిషి వేరు. మాస్కు ఉన్నది మిమ్మల్ని కట్టేయడానికి కాదు, నిన్నటి చోటే ఇవాళా దొరకడానికి. ఇక మేం బయటికి పరిగెత్తేది మీకు అపకారం జరుగుతుందని కాదు. మీకు ఆ కిరణం మందు. రోజంతా, ఏళ్ల తరబడి అక్కడే నిలబడితే మాకు అది మందు కాదు. బయట కెమెరాలో మీ పొట్ట లేచి పడటం కూడా చూస్తూనే ఉంటాం. చెయ్యెత్తితే ఆపేస్తాం. భయమేస్తే స్పీకర్లో మాట్లాడుతూ ఉండమనండి, మాట్లాడతారు.

ఇక్కడ నన్ను నత్త అంటారు. ఒక్కో మనిషిని సరిచేయడానికి అందరికంటే నేనే ఎక్కువ సేపు తీసుకుంటానట. మా విభాగానికి పైవాడిగా కొత్తగా వచ్చిన పెద్దాయన గోడ గడియారం వంక చూసి దగ్గుతుంటాడు. ఆ దగ్గుకు ఏ మందూ లేదు.

ఇంకో వారం పోతే నోరు పూస్తుంది, రుచి పోతుంది, మింగడం కష్టమవుతుంది. అయినా తినాల్సిందే. బరువు తగ్గారంటే ముక్కులోంచి పొట్టలోకి గొట్టం వేస్తారు, మాస్కు కూడా మళ్లీ మొదటినుంచీ చేస్తారు. జాగ్రత్త మరి.

మీ అబ్బాయికి తెలియకుండా రాయడం నాకు ఇష్టం లేదు. అయినా మీ మాట దాటను.

ఉంటాను,
నత్త

~

జూన్ 24

అమ్మాయ్,

నీ ఉత్తరం చదివాక సగం భయం పోయింది. మిగతా సగం అదే పోయింది. మాస్కుకీ నాకూ రాజీ కుదిరింది. మొదట్లో ఊపిరాడనిచ్చేది కాదా, ఇప్పుడు పాత చొక్కాలా హాయిగా ఉంది. లోపల కళ్లు తెరవగలుగుతున్నాను. నిన్న తల కాస్త తిప్పి, ఆ పచ్చ గీత గోడలో ఎక్కడ పుడుతుందో కూడా చూశాను. చిన్న అద్దం కన్ను. తొడగ్గా తొడగ్గా చెప్పులు వదులైనట్టు ప్లాస్టిక్కూ వదులవుతుందేమో.

నోరు పూసింది. చల్లార్చిన పాలు తప్ప ఏదీ దిగడం లేదు. అవీ చెంచాతో. ఉప్పూ తీపీ ఒకటే అయిపోయాయి. అయినా నువ్వు భయపెట్టినట్టు బరువేమీ తగ్గలేదు. వారానికోసారి ఆస్పత్రి కాటా ఎక్కిస్తారు. మొన్న నర్సమ్మ చూసి, 'అందరూ తగ్గిపోతుంటే తాతయ్య ఒక్కరే నిలబెట్టుకున్నారు' అని అందరికీ చూపించింది.

మిషను దగ్గర ఉండే పెద్దమ్మాయి సెలవు మీద వెళ్లింది. కొత్తమ్మాయి వచ్చింది. నీలా నత్త కాదు, మెరుపు. పడుకున్నానో లేదో బిగించేస్తుంది. 'సరిగ్గా ఉందా తాతయ్యా' అంటుంది. బొటనవేలు ఎత్తి చూపిస్తాను. ఆమెకూ సంతోషం, నాకూ సంతోషం.

మావాడు రోజూ తీసుకొచ్చి, బయట బెంచీ మీద కూర్చుని ఫోను చూసుకుంటాడు. తిరుగు దారిలో ఇద్దరికీ మాటలుండవు. నాకు గొంతు లేక, వాడికి అలవాటు లేక.

నువ్వు తిన్నావా అని అడిగేవాడు ఎవరైనా ఉన్నారా అక్కడ? ఊరికే అడిగాను. చెప్పక్కర్లేదు.

మైకు

~

జూన్ 27

మామయ్యగారూ,

ఈ ఉత్తరం అందాక ఆస్పత్రికి వెళ్లిన మొదటిసారే, బల్ల మీద పడుకోకముందే, ఆ అమ్మాయికి ఒక మాట చెప్పండి. గొంతు రాకపోతే ఈ కాగితం కింద నేను పెద్ద అక్షరాలతో రాసింది చింపి చూపించండి. చెప్పేదాకా పడుకోవద్దు.

మీరు హాయిగా ఉందని రాసిందే నన్ను భయపెట్టింది. ప్లాస్టిక్ చెప్పు కాదు, సాగదు. మాస్కు వదులైందంటే మీరు తగ్గారు. మెడ సన్నబడింది, దవడలు లోపలికి పోయాయి. కానీ బరువు తగ్గలేదంటున్నారు. ఆ రెండూ ఒకేసారి నిజం కాలేవు. ఏది అబద్ధమో మీకే తెలియాలి.

తల తిప్పి గీత చూశానని సరదాగా రాశారు. మీ గడ్డ ఉన్నచోటికి వెనకే, వెన్నెముక లోపల నరాల తాడు ఉంటుంది. గడ్డ మీద ఎక్కువ, తాడు మీద తక్కువ పడేలా లెక్క కడతారు. లోపల తల తిరిగితే తాడు ఎక్కువ పడే చోటికి రావచ్చు, గడ్డ అంచు పడని చోటికి పోవచ్చు. తాడు దెబ్బతింటే చేతులూ కాళ్లూ పడిపోతాయి. చాలా ఆస్పత్రుల్లో వారానికోసారే ఫొటో తీసి చూస్తారు. మధ్యలో నాలుగు రోజులు ఏం జరిగిందో ఫొటోకి తెలియదు. అడిగితే మీరు బొటనవేలు ఎత్తుతున్నారు. ఇక ఎవరికి తెలుస్తుంది?

కోపంగా రాస్తున్నాననుకోకండి. తొందరగా రాస్తున్నాను.

మీ కోడలు

మాస్కు వదులుగా ఉంది. లోపల తల కదులుతోంది. ఫొటో తీసి చూడండి.

~

జూలై 1

అమ్మాయ్,

నీ ఉత్తరం నిన్న పొద్దున కాటా దగ్గర నిలబడి చదివాను. చదివాక బస్తాల మీద కూర్చుండిపోయాను. చేతులూ కాళ్లూ పడిపోతాయని రాశావు. కొన్నాళ్లుగా నా ఎడమచేతి వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. అంటే మొదలైపోయిందన్నమాట.

నిన్న వెళ్లలేదు. ఇవాళా వెళ్లలేదు. మిషను రిపేరని వాడికి పలక మీద రాసి చూపించాను. నమ్మాడు. మిషన్లు పాడవుతాయని వాడికంటే బాగా ఎవరికి తెలుసు?

ఏది అబద్ధమో నాకే తెలియాలన్నావు. చెబుతాను. బరువే అబద్ధం. కాటా దగ్గర పాత తూకం రాళ్లు పడి ఉంటాయి. ఆస్పత్రిలో బరువు చూసే రోజు రెండు జేబుల్లో వేసుకుని, పైన చొక్కా వదిలేసుకుని వెళ్తున్నాను. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు. ఈ తెలివి నాకు నీ ఉత్తరం చదివాకే వచ్చింది. బరువు తగ్గితే మాస్కు మళ్లీ చేస్తారని నువ్వే కదా రాశావు.

మళ్లీ చేయించుకోవడం నా వల్ల కాదు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. ఆ వేడి తడి ప్లాస్టిక్ మొహం మీద పడగానే ముక్కూ నోరూ మూసుకుపోయాయనుకుని కొట్టుకున్నాను. పీకేసి రెండోది వేశారు. అది గట్టిపడేలోగా నా పంట్లాం తడిసిపోయింది. అమ్మాయిలు చూసీ చూడనట్టు దుప్పటి కప్పారు. బయటికొచ్చి మావాడితో 'నీళ్ల గ్లాసు ఒలికింది' అని రాసి చూపించాను. మార్కెట్లో నేను ఒక్క కేక వేస్తే నూరుమంది తల తిప్పేవారు. ఆ మనిషిని అక్కడే వదిలేసి వచ్చినట్టుంది.

ఇప్పుడు నువ్వేమో అక్కడ కూర్చుని ఇక్కడి వాళ్ల పని తప్పంటున్నావు. తప్పు వాళ్లదా, నాదా, మిషనుదా, నువ్వు తేల్చి చెప్పలేదు. ఎవరిదైనా ఒళ్లు నాది. గడ్డతో పోతే నడుస్తూ తిరుగుతూ పోతాను. మంచాన పడి, నా కొడుకు చేత ఎత్తించుకుని దించించుకునే బతుకు నాకొద్దు. ఇక వెళ్లను.

ఇదంతా వాడికి చెప్పావంటే మన మధ్య ఇక ఉత్తరాలు కూడా ఉండవు. ఇది మాత్రం గుర్తు పెట్టుకో.

~

జూలై 3

మామయ్యగారూ,

ఇది మీకు అందేసరికి నా మీద మీరు మండిపడుతుంటారు. మీ అబ్బాయికి ఫోన్ చేశాను.

ముందు మీ ఆస్పత్రికే చేశాను. రేడియేషన్ విభాగం ఇచ్చారు. 'రోగికి మీరేమవుతారు?' అన్నారు. బంధువునన్నాను. 'ఏం బంధువు?' అన్నారు. ఈ పనిలో ఇన్నేళ్లుగా ఉన్నాను, మిల్లీమీటర్లలో మాట్లాడతాను, ఆ ప్రశ్నకు మాత్రం నోరు పెగల్లేదు. మూడో మనిషికి వివరాలు చెప్పం అన్నారు. నేను అక్కడ కూర్చున్నా అదే చెబుతాను. వాళ్లది తప్పు కాదు.

అందుకని ఆయనకు చేశాను. విడిపోయాక ఇదే మొదటిసారి. నా గొంతు విని 'ఎవరు' అన్నాడు. తెలిసే అన్నాడు. మాస్కు వదులైందనీ, తూకం రాళ్ల సంగతీ, మీరు వెళ్లడం మానేశారనీ చెప్పాను. పంట్లాం సంగతి చెప్పలేదు. అది మీది.

తిమ్మిరి గురించి. తాడు దెబ్బతింటే నెలలు గడిచాక బయటపడుతుంది, మూడు వారాలకు కాదు. ఒక్క చేతి వేళ్లకు వేరే కారణాలు వంద ఉంటాయి. డాక్టరుకు చూపించండి. నేను 'రావచ్చు' అని రాశాను, మీరు 'వచ్చింది' అని చదివారు. భయపెడితే వింటారనుకుని రెండుసార్లు భయపెట్టాను. మొదటిసారి జేబుల్లో రాళ్లు వేసుకున్నారు, రెండోసారి మానేశారు.

మాస్కు వదులు కంటే ఇప్పుడు ఈ మానేయడమే ఎక్కువ ప్రమాదం. దెబ్బతిన్న గడ్డకు సందు దొరికితే కోలుకుంటుంది. వెళ్లండి. నాతో తర్వాత మాట్లాడటం మానేద్దురుగాని.

నత్త

~

జూలై 4

నిన్న మధ్యాహ్నం వాడు షెడ్డు నుంచి వచ్చాడు. పని బట్టలతోనే. చెప్పులు కూడా విప్పలేదు. 'జేబుల్లోవి తియ్యి నాన్నా' అన్నాడు. ఇంట్లో ఎందుకు ఉంటాయి? కాటా దగ్గర ఉన్నాయని రాశాను. వెళ్లి తెచ్చి బల్ల మీద పెట్టాడు. 'ఇంకా ఏం దాచావు?' అన్నాడు. నీ ఉత్తరాలు దిండు గలీబులోంచి తీసి ఇచ్చాను. నా ఎదురుగా నిలబడి చదివాడు. చదివి, 'నాకు చెప్పకూడనిది ఆవిడకు చెప్పావు' అన్నాడు. అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు.

నీకు కావలసింది ఇదే అయితే జరిగింది. తండ్రీకొడుకుల మధ్య ఉన్న ఆ కాస్తా పోయింది. వాడి పుణ్యమా అని డాక్టరు దగ్గర చీవాట్లు కూడా అయ్యాయి. సోమవారం కొత్త మాస్కట. నీ గొట్టం కూడా అప్పుడేనట.

వెళ్తానో లేదో నాకే తెలియదు. నువ్వు మాత్రం రావద్దు. నన్ను ఆ బల్ల మీద చూడొద్దు. ఉత్తరాలు కాటా దగ్గరికీ పంపొద్దు, ఎక్కడికీ పంపొద్దు.

~

జూలై 7

మామయ్యగారికి,

రాయొద్దన్నారు. రాస్తున్నాను. ఈసారి ఇంటికే, ఇక దాచడానికి ఏముంది కనుక.

ఇవాళ సోమవారం. మీరు వెళ్లారో లేదో నాకు తెలియదు. మీ అబ్బాయికి రెండుసార్లు చేశాను, ఎత్తలేదు. డ్యూటీలో ఉన్నంతసేపూ చేతులు పని మీదే ఉన్నాయి, చెవులు మాత్రం ఫోను మీదే ఉన్నాయి. ఒకాయనను మూడుసార్లు లేపి మళ్లీ పడుకోబెట్టాను. మాస్కు అంచుకూ దవడకూ మధ్య నా వేలు దూరిందని. గడియారం దగ్గు వినిపించింది. మా పెద్దాయన వైపు తిరిగి, 'మీరొచ్చి మీ వేలు పెట్టి చూడండి' అన్నాను. చూశాడు. ఫొటో తీయించాడు.

పని నేర్చుకునేటప్పుడు మా అందరినీ ఒకసారి మాస్కు కింద పడుకోబెట్టారు. రోగికి ఎలా ఉంటుందో తెలియాలని. ప్లాస్టిక్ మొహం మీద పడగానే అది ఆటేనని తెలిసి కూడా నేను పెట్టిన కేకకు పక్క గదివాళ్లు వచ్చారు. గాలి ఆడుతూనే ఉంటుంది, వలకు అన్నీ కన్నాలే. అయినా ఒళ్లు నమ్మదు. ఒంటికి చదువు రాదు.

మా మాస్కుల గదిలో ఒక అల్మారా ఉంది. కింది అరలో ఉతికి మడతపెట్టిన పంట్లాములు ఉంటాయి, అన్ని కొలతల్లో. అవి ఎందుకున్నాయో మాలో ఎవరూ ఎవరినీ అడగం. అయిపోతే మళ్లీ తెస్తాం, అంతే. మీ ఆస్పత్రిలోనూ అలాంటి అర ఉండే ఉంటుంది. ఒక్కరి కోసం ఎవరూ అర కట్టరు మామయ్యగారూ.

మీరు జవాబు రాయకపోయినా పర్లేదు. వెళ్తే చాలు.

మీ కోడలు

~

జూలై 9

అమ్మాయ్,

వెళ్లాను.

వెళ్లడమంటే తేలిగ్గా కాదు. ఆస్పత్రి ఆవరణలో బండి ఆగింది. తలుపు తెరిచి పట్టుకున్నాడు. నేను దిగలేదు. సీటు అంచు పట్టుకుని కూర్చున్నాను. వాడు అటువైపు నుంచి తిరిగొచ్చి నా పక్కనే కూర్చున్నాడు. ఇంజను ఆపేశాడు. 'దిగకపోతే సరే, నేనూ దిగను' అన్నాడు. వెనక బళ్లవాళ్లు హారన్లు కొడుతున్నారు. వాడు కదల్లేదు. కాపలావాడు వచ్చి అద్దం మీద కొట్టాడు. వాడు కదల్లేదు. మొండితనంలో వాడు నా కొడుకేనని అప్పుడు ఒప్పుకుని, నేనే దిగాను.

అదే గది, అదే వేడినీళ్ల తొట్టె. పడుకోబెట్టి భుజాలు కిందికి లాగారు. 'కళ్లు మూసుకోండి తాతయ్యా' అన్నారు. తడి వేడిగా మొహం మీద పడింది. చెవుల్లో నా గుండె తప్ప ఇంకేమీ వినిపించలేదు. మళ్లీ అదే. చెయ్యి లేవబోతోంది. లేస్తే మొదటిసారిలాగే పీకేస్తాను, ఇక ఆ గది గడప తొక్కను, అది నాకు తెలుస్తూనే ఉంది.

అప్పుడు ఎవరో నా రెండు పాదాలూ పట్టుకున్నారు. మేజోళ్ల మీద నుంచి. నొక్కలేదు, నిమరలేదు. పట్టుకున్నారు, అంతే. అందరి చేతులూ అక్కడ ఒకటే సబ్బు వాసన. నువ్వే వచ్చావనుకున్నాను. రావద్దని అంత గట్టిగా రాస్తే వచ్చింది, ఈ పిల్లకు మాట వినే అలవాటే లేదు అని ఒళ్లు మండింది. ఆ మంటలో చెయ్యి లేవడం మర్చిపోయింది. ప్లాస్టిక్ బిగుసుకుంటోంది, నేను లోపల నిన్ను తిడుతున్నాను. తిట్లు ఇంకా అయిపోలేదు, 'అయిపోయింది' అన్నారు.

మాస్కు తీశాక తలెత్తి చూశాను. బల్ల చివర వాడు నిలబడి ఉన్నాడు. గోళ్ల సందుల్లో ఎంత కడిగినా పోని గ్రీజు. ఇంకా వదల్లేదు.

పలక అడిగి, 'ఆమె ఏది?' అని రాశాను.

'రాలేదు. నేనే.'

'ఎవరు చెప్పారు?'

'తనే. రాళ్ల సంగతి చెప్పిన రోజు, ఫోన్లో. మొహం మీద పడగానే పాదాలు పట్టుకో, మాట్లాడకు, వదలకు అంది. అంతే చెప్పింది. ఎందుకని అడిగితే చెప్పలేదు.'

ఎందుకో నేను చెప్పాను. పలక మీద రాసి చూపించాను, నీళ్ల గ్లాసు సంగతి. చదివి తుడిచేశాడు. 'తెలుసు నాన్నా. ఆ రోజు పంట్లాం ఉతికింది నేనేగా' అన్నాడు.

తర్వాత వాణ్ణి కంప్యూటరు గదిలోకి పిలిచి చూపించారట. పాత స్కాను మీద కొత్తది పెట్టి చూస్తే దవడ ఎముక పక్కకు జరిగిపోయి ఉందట. వదులైన రోజులు తక్కువ కాబట్టి తాడుకు పడింది హద్దులోనే ఉందని లెక్క చూసి చెప్పారు. గడ్డ అంచుకు తగ్గిన దానికి మళ్లీ లెక్క కడుతున్నారు. మానేసిన రోజులు చివర్న కలుపుతారట. కలిపినా మానకుండా ఉన్నట్టు కాదని డాక్టరు నా మొహం మీదే అన్నాడు. తిమ్మిరి సంగతి అడిగితే, ఎటు తిరిగి పడుకుంటారు అన్నాడు. ఎడమవైపు, చెయ్యి తల కింద పెట్టుకుని. ఆయన నవ్వలేదు, నర్సమ్మ నవ్వింది.

మెరుపు ఏడ్చింది. నేను బొటనవేలు ఎత్తితే నమ్మానని పదే పదే అంది. 'ముప్పయ్యేళ్లు సరుకు అమ్మినవాణ్ణి, నా మొహం చూసి ఎవరైనా నమ్ముతారు' అని రాసిచ్చాను. ఇవాళ మాస్కు పెట్టాక చుట్టూ వేలు పెట్టి చూసింది.

ముక్కులో గొట్టంతో బుల్లి ఏనుగులా ఉన్నాను. ఇది రాస్తుంటే నీ ఏడో తారీకు ఉత్తరం వచ్చింది. వాడే తెచ్చి ఇచ్చాడు, విప్పకుండా.

మైకు

~

జూలై 14

మామయ్యగారూ,

మీ ఉత్తరం కంటే ముందే, ఎనిమిదో తారీకు రాత్రి, మీ అబ్బాయి నుంచి ఒక మెసేజ్ వచ్చింది. 'మాస్కు చాలా బిగుతుగా ఉందట, తిడుతున్నాడు.' అంతే ఉంది. వంటగదిలో స్టవ్ ఆపి, నిలబడే నాలుగైదు సార్లు చదివాను.

ఒక్క మాట ముందే చెప్పాలి, లేకపోతే ఇదీ అపార్థమే అవుతుంది. ఫోను చేశాననీ, ఆయన నా మాట విన్నాడనీ మీరు ఇంకేదో ఆశ పెట్టుకోవద్దు. మేమిద్దరం మీ కాళ్ల దగ్గర కలిశాం. అక్కడి వరకే. మా విడిపోవడంలో తప్పొప్పులు మీకు తెలియనివి చాలా ఉన్నాయి, అవి మాస్కు మార్చినంత తేలిగ్గా మారేవి కావు. మీకు కోడల్ని కాకపోయినా ఉత్తరాలు రాయగలను. ఆస్పత్రివాళ్లు మళ్లీ 'మీరేమవుతారు' అంటే చెప్పడానికి ఏదైనా మాట ఆలోచించి పెట్టండి.

గొట్టం లోంచి వెళ్లేది కూడా తిండే. మానొద్దు. ఇక ముందు పదిహేను రోజులూ కష్టంగా ఉంటాయి. మెడ చర్మం నల్లబడి ఊడుతుంది, ఉమ్మి జిగురవుతుంది. ఇది భయపెట్టడానికి కాదు. ముందే తెలిస్తే మిమ్మల్ని మీరు తిట్టుకోకుండా మమ్మల్ని తిట్టుకుంటారని.

నత్త

~

అక్టోబర్ 12

అమ్మాయ్,

ఆశ పెట్టుకోవద్దన్నావు. పెట్టుకున్నాను, కొంచెం. తీసేశాను.

మొన్న డాక్టరు ముక్కులోంచి సన్నటి గొట్టం దింపి చూశాడు. కెమెరా గొట్టం, తిండిది కాదు. అది ఎప్పుడో తీసేశారు. గడ్డ కనబడటం లేదన్నాడు. పోయింది అనడు, కనబడటం లేదంటాడు. నీలాంటివాడే. ప్రతి రెండు నెలలకూ రమ్మన్నాడు. ఉమ్మి ఇంకా సరిగ్గా ఊరడం లేదు, నీళ్ల సీసా లేకుండా గుమ్మం దాటలేను. మావాడు నా పక్క సీటులో ఒకటి ఎప్పుడూ పెట్టి ఉంచుతాడు. మాటలంటావా, రోజుకు నాలుగైదు. ఎక్కువగా బ్రేకుల గురించి.

గొంతు వచ్చింది. ఏ గొంతు వచ్చిందని అడగొద్దు. పాత గుడ్డ చింపినట్టుంటుంది. పక్కనున్నవాడికి వినిపిస్తుంది, వాడి పక్కవాడికి వినిపించదు. ఇంతకంటే పెరుగుతుందని ఎవరూ చెప్పడం లేదు. మానేసిన ఆ రోజుల వల్లనా అని డాక్టరును అడిగాను. తెలియదన్నాడు. నిన్ను అడగను.

నిన్న మార్కెట్‌కి వెళ్లాను. నా చోట ఇప్పుడు వేరే ఆయన పాడుతున్నాడు, చేతిలో నిజం మైకుతో. నన్ను చూసి పాట ఆపి, క్యాబేజీ కుప్ప ఒకటి చూపించి, 'ఇది నువ్వు పాడన్నా' అని మైకు ఇవ్వబోయాడు. వద్దన్నాను. అది పట్టుకోవడం నాకు చేతకాదు. బల్ల ఎక్కి నిలబడి మొదటి ధర చెప్పాను.

ఎవరికీ వినబడలేదు. నాకే సరిగ్గా వినబడలేదు. దిగిపోదామనుకున్నాను. ముందు వరసలో ఒకడు చెయ్యెత్తి 'ఉష్' అన్నాడు. వెనక్కి పాకింది. బస్తాలు మోసేవాళ్లు దించకుండా నెత్తి మీదే పెట్టుకుని ఆగిపోయారు. ముప్పయ్యేళ్లలో ఆ మార్కెట్ నోరు మూసుకుని ఉండగా నేను వినడం అదే మొదటిసారి. క్యాబేజీల మీద ఈగల చప్పుడు కూడా వినిపించింది. మళ్లీ చెప్పాను. వెనకనుంచి ఎవరో 'గట్టిగా' అని అరిచారు. ముందు వరసవాడు వెనక్కి తిరిగి, 'ఆయన ఇంతే. నువ్వే దగ్గరికి రా' అన్నాడు.

అందరూ దగ్గరికి జరిగారు.

క్యాబేజీకి మాత్రం రావలసిన ధర రాలేదు. రైతు గొణిగాడు. వాడి గొణుగుడు నా పాట కంటే గట్టిగా వినిపించింది.

మామయ్య